చందమామ ఛాయాచిత్రమునకు వెలుగెంత?



గడచిన సంచికలో కిటికీ వెలుతురున పిల్లల ఛాయాచిత్రములు తీయు విధమును గూర్చి మేము కొంత ముచ్చటించియుంటిమి. దానిని చదివిన సోదరీమణులు కొందరు చంద్రుని విషయమై ఇంచుమించు ఒకే ప్రశ్న వ్రాసి పంపిరి. కంటికి అంత నిండుగా, లోపలి కుందేటి మచ్చతో సహా అంత స్పష్టముగా కనబడు చందమామ, ఫోనులో పట్టబోవునప్పటికి తెల్లని వెన్నముద్దవలె మారిపోవుచున్నాడు. ఇది ఫోను చవుకదగుటచేతనా, మా చేతులకు నేర్పు చాలకనా యని వారి సందేహము. ఈ రెండును కారణములు గావు. వేలకు వేలు పోసి కొన్న కెమెరాలు సయితము తమ యిచ్చకు విడిచినచో చంద్రుని విషయమున ఇట్లే చేయును. కారణము నెరిగినచో పరిహారము కష్టము కాదు.

మనము చంద్రుని రాత్రివేళ చూచుచున్నాము గనుక ఆయనను రాత్రికి చెందినవానిగా భావింతుము. నిజమునకు చంద్రబింబము పట్టపగటి వస్తువు. మనకు ఆకాశము చీకటియే గాని, ఆ నేలపై ఎండ కాయుచున్నది. మధ్యాహ్నము మన మిద్దెపై ఆరబోసిన వడియముల మీద పడు ఎండయు, 3,84,400 కిలోమీటర్ల సగటు దూరముననున్న ఆ రాతినేలపై పడు ఎండయు ఒక్క సూర్యునివే. సూర్యునినుండి భూమికెంత దూరమో చంద్రునికిని ఇంచుమించు అంతే గనుక ఎండ తీవ్రతయు సమానమే. కావున ఎండలోనున్న రాతిబండను ఛాయాచిత్రము తీయుటకు ఎంత వెలుగు కావలయునో, చంద్రునికిని సుమారుగా అంతే చాలును. ఈ యొక్క మాట మనస్సున నాటుకొన్నచో తక్కినదంతయు దానంతట అదియే వచ్చును.

మన కవులు ఆయనను సుధాకరుడనియు, ధవళకాంతుడనియు ఎన్ని పేర్లతో పిలిచినను, ఆ నేల రంగు మాత్రము మిక్కిలి నల్లనిది. తనపై బడిన వెలుగులో సుమారు 12 శాతము మాత్రమే తిరిగి పంపును. ఇది అరిగిన తారురోడ్డు నలుపు వంటిదే. చుట్టును చీకటి యుండుటచే మన కంటికి వెండి గిన్నెవలె తోచుచున్నది. అందు ఇంకను నల్లగా కనబడు మచ్చలు మూడువందల కోట్ల యేండ్లకు పూర్వము పొంగి గడ్డకట్టిన లావా మైదానములు. శశాంకుడను పేరు ఆ మచ్చలనుబట్టియే వచ్చినది. వెలుగు మితిమీరినచో మొదట చెరిగిపోవునవియు అవియే. మచ్చ లేని చంద్రుడు ఛాయాచిత్రమున ఒక తెల్లని బిళ్ళ మాత్రమే. అది బల్బో, వీధిదీపమో, చంద్రుడో చెప్పుట కష్టము.

ఇక కెమెరా పొరపడుట యెట్లు? కెమెరాలోని కొలతయంత్రమునకు మనమేమి చూచుచున్నామో తెలియదు. అది చట్రములోనున్న దానినంతటిని కలిపి సగటు తీసి, ఆ సగటును ఒక నడితరపు బూడిదరంగుగా వచ్చునట్లు చేయజూచును. చంద్రుని తీయునప్పుడు చట్రములో నూటికి తొంబది పాళ్ళకు పైగా నల్లని ఆకాశమే. యంత్రము ఆ నలుపును చూచి, వెలుగు చాలలేదని తలచి, చాలసేపు తెరచియుంచును. గంగాళమెడు మజ్జిగకు తగిన ఉప్పును తెచ్చి ఒక్క చిన్నగిన్నెలో పోసినట్లు, ఆకాశమంతటికై లెక్కించిన వెలుగు ఆ చిన్న బింబముపై వచ్చి పడును. వంటలో ఉప్పు తక్కువైనచో పిదప చేర్చుకొనవచ్చును, ఎక్కువైనచో తీయలేము. ఛాయాచిత్రమును అంతే. కొంత మసకగా వచ్చిన బింబమును తరువాత కొంత తేటపరుపవచ్చును గాని, తెల్లబడిపోయిన బింబమునుండి మచ్చలను తిరిగి రప్పించుట ఎవరికిని శక్యము కాదు. కాబట్టి సందేహము కలిగినప్పుడు వెలుగు తక్కువ వైపునకే మొగ్గవలెను.

ఛాయాచిత్రమునకు చేరు వెలుగును మూడు విషయములు నిర్ణయించును. మొదటిది కటకపు ద్వారము. దీని వెడల్పును ఎఫ్/4, ఎఫ్/8, ఎఫ్/11 అని గుర్తింతురు. అంకె పెరిగినకొలది ద్వారము చిన్నదగును. రెండవది షట్టరు తెరచియుండు కాలము. మూడవది వెలుగునెడ ఫిలిముకు గాని, ఇప్పటి కెమెరాలలోని గ్రాహకమునకు గాని గల చురుకుదనము, దీనిని ఐ.ఎస్.ఓ. అని యందురు. ఈ మూటిని కలిపి చూచినదే ఎక్స్‌పోజరు. ఎండలోని వస్తువునకు పూర్వమునుండి ఒక సులభసూత్రము కలదు: ద్వారము ఎఫ్/16 నందుంచి, ఐ.ఎస్.ఓ. 100 అయినచో సెకనులో నూరవవంతు, 200 అయినచో రెండువందలవ వంతు కాలము నియ్యవలెను. చంద్రుని నేల నల్లనిదగుటచే ఒక మెట్టు అధికముగా, అనగా ఎఫ్/11 వద్ద అదే కాలము చాలును. పున్నమి చంద్రునికి ఇదియే మూలసూత్రము.

ఈ సెకనులో నూరవవంతు కాలము ఎంతటి భాగ్యమో తెలియవలెనన్నచో పాతకాలపు మాట ఒకటి చెప్పవలెను. 1840లో జాన్ విలియం డ్రేపర్ అను శాస్త్రజ్ఞుడు న్యూయార్కు నగరమున వెండిపూత రేకుపై చంద్రుని రూపమును నిలుపుటకు 20 నిమిషములు వెలుగును ప్రసరింపజేయవలసివచ్చెను. చంద్రుడు అంతసేపు ఒక్కచోట నిలువడు గదా! ఆకాశమున తన వెడల్పంత దూరమును సుమారు రెండు నిమిషములలో దాటిపోవును. కావున డ్రేపరు గడియారపు యంత్రముతో చంద్రుని వెంబడింపవలసివచ్చినది. నేడు మనకు ఆ శ్రమ లేదు.

తిథులనుబట్టి ఈ కొలత మారును. సగము చంద్రుడు నిండుచంద్రునిలో సగము వెలుగు నిచ్చుననుకొందుము. కాని అష్టమి చంద్రుడు మనకిచ్చు వెలుగు పున్నమి వెలుగులో ఇంచుమించు పదవ వంతు మాత్రమే. పున్నమినాడు సూర్యకాంతి చంద్రుని ముఖముపై నేరుగా పడును గనుక నీడలు కనబడవు. అష్టమినాడు ప్రక్కనుండి పడుటచే కొండలును, గుంటలును, ధూళిరేణువులును గూడ నీడలు పరచును, వెలుగు తగ్గును. ద్వారము ఎఫ్/8, ఐ.ఎస్.ఓ. 100 అని స్థిరపరచుకొన్నచో, ఆకాశము నిర్మలమై చంద్రుడు బాగుగా పైకి వచ్చియున్నప్పుడు షట్టరు కాలములు ఇట్లుండవచ్చును:

పున్నమినాడు సెకనులో 250వ వంతు.
దశమి మొదలు ద్వాదశి వరకు 125వ వంతు.
అష్టమినాడు 60వ వంతు.
చవితి, పంచమి తిథులలో 30వ వంతు.

బహుళపక్షమున ఇదే వరుసను వెనుకకు చదువుకొనవలెను. వినాయకచవితినాడు చంద్రుని చూడరాదనువారు మరునాడు తీసికొనవచ్చును. కొలతలో చెప్పుకోదగిన భేదముండదు. పలుచని మబ్బు అడ్డు వచ్చినను, బింబము అప్పుడే దిగంతమునుండి లేచి ఎఱ్ఱగా నున్నను, ఒకటి రెండు మెట్లు అధికముగా నియ్యవలెను. ఒక మెట్టనగా కాలమును రెండింతలు చేయుట. ఈ అంకెలను ఆజ్ఞలుగా గాక ఆరంభముగా గైకొని, ఒక్కొక్క తడవ మూడు చిత్రములు, సరిగా నొకటి, తక్కువగా నొకటి, ఎక్కువగా నొకటి తీసికొనుట మేలు. నిజము చెప్పవలెనన్నచో పున్నమికంటె అష్టమి చంద్రుడే ఛాయాచిత్రమునకు సొగసుగా నుండును. వెలుగు చీకట్లు కలియు గీత వెంబడి గుంటలు స్పష్టముగా తేలును.

మనలో ఎక్కువమంది చేత నుండునది ఫోనే గనుక దాని మాటయు చెప్పెదము. తెరపై చంద్రుని బింబమును వ్రేలితో తాకి, వ్రేలిని కొంతసేపు అట్లే అదిమియుంచినచో కొలత ఆ చోటనే నిలిచిపోవును. ప్రక్కన చిన్న సూర్యుని గుర్తు కనబడును. దానిని వ్రేలితో క్రిందికి జార్చుచుండగా ఆకాశము నల్లబడి, తెల్లని ముద్దలోనుండి మచ్చలు మెల్లగా పైకి వచ్చును. ఆ మచ్చలు తేటగా కనబడినచోటనే ఆపి చిత్రము తీయవలెను. అంకెలను మనమే యెంచుకొను సదుపాయమున్న ఫోనులలో ఐ.ఎస్.ఓ. 50, కాలము సెకనులో వేయవ వంతుతో ఆరంభింపవచ్చును. ఫోనుల ద్వారములు పెద్దవగుటచే ఇంత స్వల్పకాలము చాలును. ఫ్లాషు వేయుట నిరుపయోగము. లక్షల కిలోమీటర్ల దూరమునకు మన చిరుదీపము చేరునా?

ఫోనులోని బింబము చిన్నదిగా వచ్చినదని చింతింపవలదు. చేతిని బారచాచి చిటికెనవ్రేలిని చంద్రునికి అడ్డముగా పట్టి చూడుడు. వ్రేలి వెడల్పులో సగమునకే ఆయన మరుగుపడును. ఉదయించు చంద్రుడు తాటిచెట్ల నడుమ ఎంతయో పెద్దగా తోచుట మన మనస్సుయొక్క భ్రమయే. వ్రేలితో కొలిచినను, ఛాయాచిత్రమున కొలిచినను, నడినెత్తిన నున్నప్పటికంటె పెద్దగా నుండడు. బింబము పెద్దదిగా కావలెనన్నచో దూరదర్శిని వంటి పొడుగు కటకము కావలెను. అట్టి కటకముతో చేతివణుకును పెద్దదగును గనుక ముక్కాలి స్టాండుపైన గాని, పిట్టగోడపై బియ్యపుసంచి నుంచి దానిపైన గాని కెమెరాను నిలుపవలెను. బొత్తామును నొక్కుటచే కలుగు కదలిక తప్పుటకై రెండు సెకనుల ఆలస్యపు అమరికను వాడుకొనవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక. కొన్ని ఫోనులు చంద్రుని గుర్తుపట్టి, తాము ముందే నేర్చుకొనియున్న చంద్రరూపమునుబట్టి వివరములను కూర్చి మెరుగుదిద్దును. 2023లో ఒక ఔత్సాహికుడు కావలెనని మసకబార్చిన చంద్రుని బొమ్మను కంప్యూటరు తెరపై నిలిపి, చీకటిగదిలో దూరమునుండి చిత్రము తీయగా, ఆ బొమ్మలో లేని వివరములను ఫోను తానై చేర్చినట్లు చూపెను. దానిపై లోకమున పెద్ద చర్చ జరిగినది. అట్టి చిత్రము చూడ ముచ్చటగా నుండవచ్చును. కాని మీరు నిలుచున్న ఆ రాత్రి ఆ మబ్బుతునుక, ఆ ఎఱుపు, ఆ వాలు అందుండునో లేదో నమ్ముట కష్టము. మన ప్రాంతమున ఫాల్గుణ చైత్రమాసముల విదియ చంద్రుడు పడవవలె వెల్లకిల పండుకొనియుండును; ఐరోపా దేశముల చిత్రములలోవలె నిలువుగా నుండడు. మన ఆకాశమును మనదిగా నిలుపవలెనన్నచో, వెలుగును మనమే కొలిచి తీసిన చిత్రము కొంచెము మసకైనను మేలనియే మా తలపు.

ఇంతవరకు చంద్రుని మాత్రమే తీయుట. చంద్రునితోబాటు పెరటిలోని తులసికోటయు, కూర్చున్న మనుష్యులును రావలెనని కోరునప్పుడే అసలు చిక్కు. నిండు వెన్నెల మనకు పాలవలె తోచినను ఎండకంటె సుమారు 4 లక్షల రెట్లు తక్కువ. చంద్రునికి సెకనులో నూరవవంతు చాలిన అమరికలోనే వెన్నెల పడిన తులసికోట కనబడవలెనన్నచో లెక్కప్రకారము అరగంట పట్టును. ఒక్క చిత్రమున ఈ రెంటిని ఇముడ్చుట ఏ కెమెరాకును వశము కాదు. 1969లో చంద్రునిపై దిగినవారు తీసిన చిత్రములలో నక్షత్రములు లేవేమని కొందరు శంకింతురు. అచ్చట ఎండలోనున్న నేలకును, తెల్లని దుస్తులకును తగిన వెలుగునే కెమెరాలు స్వీకరించినవి. ఆ స్వల్పకాలములో నక్షత్రముల మినుకు అందదు. కారణమింతకంటె లేదు. దేనికి వెలుగు నియ్యవలెనో, దేనిని చీకటికి వదలవలెనో తీయువారే నిర్ణయింపవలెను.

మా వీధిలో జరిగిన సంగతి యొకటి చెప్పెదము. మొన్నటి అట్లతద్దినాడు పొరుగింటివారి అమ్మాయి ఉయ్యాలలూగి, చందమామను చూచి ఉపవాసము విరమించుటకై వసారాలో వేచియుండెను. క్రొత్తగా పెండ్లియై ఆ వారములోనే దూరదేశమునకు పోవలసిన పిల్ల. బహుళ తదియ గనుక చంద్రుడు ప్రొద్దుగ్రుంకిన సుమారు రెండు గంటలకు గాని రాలేదు, అప్పటికి కారుచీకటి. పిల్లయు చంద్రుడును ఒక్క చిత్రములో కావలెనని తల్లి కోరిక. చంద్రునికి సరిపోవు కొలతతో తీసినచో పిల్ల నల్లని నీడయగునని మేము చెప్పితిమి. ఆమె క్షణమాలోచించి, "చంద్రుడు రేపూ వస్తాడు వదినగారూ, మా పిల్ల రాదుగా" అనెను. వసారా దీపము వెలుగున పిల్ల ముఖమునకు తగినట్లు ఐ.ఎస్.ఓ. 1600, ద్వారము ఎఫ్/2.8, కాలము 60వ వంతు అమర్చి తీసితిమి. అది చంద్రునికి కావలసినదానికంటె రెండువందల యేబది రెట్లు అధికము. ఆయన ముంగురుల పైన తెల్లని చుక్కగా మిగిలెను. ఆ చిత్రమునకు అదియే సరియైన కొలత. పిమ్మట చంద్రుని వేరుగా నింకొకటి తీసి ఇచ్చితిమి. తల్లి రెంటిని ప్రక్కప్రక్కనే పెట్టుకొనినది.

రెండును ఒకే చిత్రమున పొందికగా వచ్చు వేళ లేకపోలేదు. అది సంధ్య. 1941 నవంబరు 1వ తేదీ సాయంకాలము అమెరికా ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ న్యూమెక్సికో రాష్ట్రమున కారులో పోవుచుండగా, హెర్నాండెజ్ అను పల్లెపై చంద్రుడు లేచియుండుటయు, శ్మశానములోని తెల్లని సిలువలపై కడపటి ఎండ పడుచుండుటయు చూచెను. కారు నాపి పరుగున పెట్టె విప్పెనుగాని, వెలుగును కొలుచు సాధనము చేతికి దొరకలేదు. అయినను చంద్రబింబపు ప్రకాశము చదరపుటడుగునకు 250 క్యాండిలులని ఆయనకు జ్ఞప్తియందుండెను. ఆ యొక్క అంకెను ఆధారము చేసికొని లెక్కవేసి, ఎఫ్/32 ద్వారముతో ఒక సెకను వెలుగునిచ్చెను. రెండవ చిత్రమునకై సిద్ధపడునంతలో సిలువలపై ఎండ మాయమైనది. ఆ యొక్క చిత్రమే లోకప్రసిద్ధమైనది. ఆయనకే తేదీ సరిగా జ్ఞప్తి లేకపోగా, చిత్రములోని చంద్రుని స్థానమునుబట్టి 1991లో లెక్కగట్టి ఆ దినమును, సాయంకాలము 4 గంటల 49 నిమిషములని వేళను తేల్చిరి.

ఆనాడు పున్నమికి రెండు దినములుండెను. మనకును అట్టి దినములే అనుకూలములు. పున్నమినాడు చంద్రుడు లేచునప్పటికి సూర్యుడు క్రుంకును. నేల త్వరలోనే చీకటి పడును. చతుర్దశినాడు చంద్రుడు సూర్యాస్తమయమునకు ఇంచుమించు ముప్పాతిక గంట ముందే లేచును. సూర్యుడు క్రుంకిన పిమ్మట పది పదునైదు నిమిషములపాటు నేలపై మిగిలిన వెలుగును, చంద్రుని వెలుగును ఒకదానికొకటి సమీపముగా నుండును. ఆ వేళ చంద్రునికై కొలిచి, ఒక మెట్టు పెంచి తీసినచో మనుష్యులును, చెట్లును, చంద్రుడును ముగ్గురును నిలుతురు. పొడుగు కటకమున్నవారు మనుష్యులను నూరు మీటర్ల దూరమున గట్టుపై నిలిపి తీసినచో, బింబము మనిషి ఎత్తులో సగమునకు మించి కనబడును.

గ్రహణమునకు ఈ కొలతలేవియు పనికిరావు. 2025 సెప్టెంబరు 7వ తేదీ రాత్రి 11 గంటలు మొదలు 12 గంటల 22 నిమిషముల వరకు మన దేశమున సంపూర్ణ చంద్రగ్రహణము కనబడెను. అట్టివేళ చంద్రునిపై నేరుగా ఎండ పడదు; భూమి చుట్టునున్న గాలిపొర గుండ వంగి పోయిన ఎఱ్ఱని వెలుగు మాత్రమే చేరును. పున్నమి వెలుగుకంటె అది వేల రెట్లు తక్కువ. అప్పుడు ఐ.ఎస్.ఓ. పెంచి, స్టాండుపై కెమెరాను నిలిపి, సెకను వంతులకు బదులు సెకనులనే యియ్యవలెను.

సోదరీమణులు రాబోవు శుక్లపక్షమున పంచాంగమును దగ్గర నుంచుకొని అష్టమినాడొకటి, చతుర్దశి సంధ్యవేళ నొకటి, పున్నమినాడొకటి తీసి, ఏ తిథికి ఏ కొలత కుదిరినదో ఇంటిలెక్కల పుస్తకమున ఒక ప్రక్క వ్రాసికొందురు గాక. రెండు మాసములు గడచునప్పటికి మీ మిద్దెకు, మీ ఆకాశమునకు, మీ కెమెరాకు తగిన పట్టిక మీ చేతనే తయారగును. ఆ పట్టికలను మాకు పంపినచో సోదరీమణులందరి ఉపయోగార్థమై ముందు సంచికలలో ప్రకటించెదము.